సీసాలో నక్క వాసన

డిసెంబరు 26. క్రిస్మస్ మర్నాడు. ఇంగ్లండ్ పల్లెల్లో చాలాచోట్ల ఆ రోజు పొద్దున్నే తిరునాళ్ల సందడి మొదలవుతుంది. ఊరి నడిబొడ్డున ఉన్న పబ్బు ముందుకి ఒక్కొక్కటిగా గుర్రాలు వచ్చి చేరతాయి. వాటి మీద ఎర్రకోట్లు తొడుక్కున్న మగవాళ్లు, నల్లకోట్లు వేసుకున్న ఆడవాళ్లు, పొట్టి గుర్రాలెక్కిన పిల్లలు. ఆ గుర్రాల కాళ్ల సందుల్లో తోకలాడిస్తూ ముప్ఫై నలభై జాగిలాలు. ఎవరో పళ్లెంలో చిన్నచిన్న గ్లాసులు పెట్టుకొచ్చి గుర్రాల మీదున్నవాళ్లకి ఒంట్లో వేడి పుట్టడానికి తలో గుక్క మద్యం అందిస్తారు. ఊరు ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చూస్తుంది. ఇంతలో బూర మోగుతుంది. అంతే! జాగిలాలు ముందు, గుర్రాలు వెనక... అంతా పొలాలకు అడ్డంపడి మాయమైపోతారు.

తరతరాలుగా ఇదే తంతు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే. 2005 ఫిబ్రవరికి ముందు వాళ్లు నక్కని వేటాడటానికి బయల్దేరేవాళ్లు. ఆ తర్వాత నుంచీ నక్క వాసనని వేటాడటానికి బయల్దేరుతున్నారు.

కనీసం కాగితాల మీద!

ముందు ఓ చిన్న సంగతి. వాళ్ల నక్క వేరు, మన నక్క వేరు. మన ఊరి శివార్లలో రాత్రిపూట ఊళపెట్టేదాన్ని ఇంగ్లిషువాళ్లు జాకాల్ అంటారు. వాళ్లు తరిమేది ఎర్రటి బొచ్చు, కుచ్చుతోక ఉన్న గుంటనక్కని. దానికోసం ప్రత్యేకంగా పెంచి పోషించిన జాతే ఫాక్స్‌హౌండ్. దీన్ని కంటితో చూసి తరిమే కుక్క అనుకుంటే పొరపాటు. ముక్కు నేలకి ఆనించి, నక్క నడిచిన దారిని వాసనతో పట్టుకుని మైళ్ల తరబడి పరిగెత్తే జీవి ఇది. దాన్ని ‘కుక్క’ అంటే వేటగాళ్లకి కోపం వస్తుంది. హౌండ్ అనాలి. లెక్క కూడా ఒకటీ రెండూ అని పెట్టరు, జతల్లో చెబుతారు. ‘ఇరవై జతలు బయటికి తీశాం’ అంటే నలభై జాగిలాలన్నమాట. వేసుకున్న ఎర్రకోటుని ఎరుపు అనకూడదు, ‘పింక్’ అనాలి. ఇన్ని మర్యాదలున్న ఆటలో మర్యాద దక్కనిది ఒక్క నక్కకే.

ఒకప్పుడు దొరల వేటంటే జింకల వేటే. అడవులు తగ్గి, పొలాలకు కంచెలు పడి జింకలు కనుమరుగవుతుంటే నక్క మీద పడ్డారు. లీసెస్టర్‌షైర్‌లో క్వార్న్ అనే చోట హ్యూగో మెనెల్ అనే కుర్ర జమీందారు 1753లో మాస్టర్‌గా కుదురుకుని, వేగంగా పరిగెత్తే జాగిలాల జాతిని తయారుచేశాడు. అక్కణ్నుంచీ నక్కల వేట కులీనుల వినోదంగా మారిపోయింది. దొరలు మన దేశానికి వచ్చినప్పుడు ఈ సరదానీ వెంటబెట్టుకొచ్చారు. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో ఫాక్స్‌హౌండ్లను తెప్పించుకుని మద్రాసు చుట్టుపక్కల, ఊటీ కొండల మీద గుర్రాలెక్కి తిరిగారు. ఇక్కడ వాళ్ల నక్క దొరక్క మన నక్కల్ని తరిమారు!

నక్క కోళ్లనీ గొర్రెపిల్లల్నీ ఎత్తుకుపోతుంది కాబట్టి దాన్ని అదుపు చెయ్యాలన్నది వేటగాళ్లు ఎప్పుడూ చెప్పే మాట. రైతు కష్టం రైతుకి తెలుస్తుంది, కాదనలేం. కానీ చరిత్రలో ఓ తమాషా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో వేట బాగా పెరిగి నక్కలు చాలలేదు. అప్పుడేం చేశారంటే... ఐరోపా నుంచి నక్కల్ని దిగుమతి చేసుకున్నారు! లండన్‌లోని లెడెన్‌హాల్ మార్కెట్లో వాటిని అమ్మేవారు. ఆ మార్కెట్ పేరు మీదే వాటికి ‘లెడెన్‌హాలర్స్’ అని పేరు కూడా పడింది. నక్కలు దాక్కుని పిల్లల్ని పెట్టుకోవడానికని పొలాల మధ్య పనిగట్టుకుని పొదలూ తోపులూ పెంచారు. తెగులు అని తిట్టేదాన్ని డబ్బు పెట్టి కొనుక్కొచ్చి పెంచుకున్నవాళ్లు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారేమో తెలియదు.

సరే, చట్టం సంగతికొద్దాం.

1997లో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చాక ఈ వేటను నిషేధించాలన్న ఒత్తిడి పెరిగింది. అసలు నిజానిజాలేంటో తేల్చమని లార్డ్ బర్న్స్ అనే ఆర్థికవేత్త అధ్యక్షతన ఓ సంఘం వేశారు. ఆ సంఘం 2000 సంవత్సరంలో నివేదిక ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 200 ఫాక్స్‌హౌండ్ల గుంపులున్నాయనీ, అవి ఏటా 21 వేల నుంచి 25 వేల నక్కల్ని చంపుతున్నాయనీ లెక్క తేల్చింది. ఏదోరకంగా వేట మీద ఆధారపడ్డ ఉద్యోగాలు ఆరు నుంచి ఎనిమిది వేలన్నది ఇంకో లెక్క. ఇక అందరూ ఎదురుచూసిన ప్రశ్న, ఇది క్రూరత్వమా కాదా? బర్న్స్ సంఘం ఆ మాట సూటిగా అనలేదు. జాగిలాలు తరిమి చంపడం వల్ల నక్క సంక్షేమానికి తీవ్రంగా విఘాతం కలుగుతుందని మాత్రం రాసింది. ఈ వాక్యాన్ని రెండు పక్షాలూ పట్టుకుని ఎవరికి కావలసిన అర్థం వాళ్లు లాక్కున్నారు.

ఆ మరుసటి ఏడాది అనుకోని పరీక్ష ఒకటి వచ్చిపడింది. 2001లో బ్రిటన్ పశువులకు గాలికుంటు వ్యాధి సోకింది. పొలాల్లో తిరగడం నిషేధం. దాంతో ఆ ఏడాది ఇంచుమించు మొత్తం నక్కల వేట ఆగిపోయింది. వేట లేకపోతే నక్కలు పెరిగిపోతాయన్నారుగా... మరి పెరిగాయా? శాస్త్రవేత్తలు ఆ వేట ఆగడానికి ముందూ తర్వాతా నక్కల జాడలు లెక్కగట్టి చూశారు. సంఖ్య పెరగలేదు. 2002లో ‘నేచర్’ పత్రికలో ఆ ఫలితం అచ్చయింది.

అయినా లెక్కలతో తేలే గొడవ కాదది. ఎర్రకోటు చూస్తే పట్నవాసికి ఒళ్లు మండుతుంది. పట్నవాసి నీతులు చెబితే పల్లెవాసికి మండుతుంది. అసలు తగాదాలో సగం నక్క గురించి కానే కాదు, ఎర్రకోటు గురించి. 2002 సెప్టెంబరులో పల్లెల నుంచి నాలుగు లక్షల మందికి పైగా లండన్ వీధుల్లోకి వచ్చి కవాతు చేశారు. 2004 సెప్టెంబరులో అయిదుగురు నిరసనకారులు ఏకంగా దిగువసభ లోపలికి చొరబడ్డారు. సభలు ఈ ఒక్క అంశం మీద ఏడొందల గంటలకు పైగా చర్చించాయని చెబుతారు. దిగువసభ ఒప్పుకోవడం, ప్రభువుల సభ తిప్పికొట్టడం... ఇదే వరస. చివరికి ప్రభువుల సభని పక్కనబెట్టి బిల్లును చట్టం చేసే అస్త్రాన్ని బయటికి తీశారు. ‘పార్లమెంట్ చట్టం’ అనే ఆ అస్త్రాన్ని 1949 తర్వాత అప్పటికి మూడేసార్లు వాడారు. అందులో ఒకటి నాజీల కాలం నాటి యుద్ధనేరాల విచారణ కోసం. నాలుగోసారి నక్క కోసం!

అలా 2004 నవంబరు 18న వేట చట్టానికి రాణి ఆమోదముద్ర పడింది. 2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లోకొచ్చింది. అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ 2010లో రాసుకున్న ఆత్మకథలో ఆ చట్టం తెచ్చినందుకు చింతిస్తున్నానన్నారు. తెచ్చినాయనే మనసొప్పి తేని చట్టమది. ఆ సంగతి దాన్ని చదివితేనే తెలిసిపోతుంది.

కుక్కతో అడవి జంతువుని వేటాడటం నేరం. ఇదీ మొదటి వాక్యం. ఆ తర్వాత మినహాయింపుల చిట్టా. ఎలుకని వేటాడొచ్చు, కుందేటిని... అక్కడ ఆగాలి. బొరియల్లో ఉండే చిన్న కుందేలు, రాబిట్ అయితే ఫర్వాలేదు. పొడుగు చెవుల పెద్ద కుందేలు, హేర్ అయితే నేరం. పందికొక్కంత ఎలుకని తరిమితే చట్టబద్ధం. వేలెడంత చిట్టెలుకని తరిమితే చట్టవిరుద్ధం, ఆ చిట్టాలో దాని పేరు లేదు మరి! నక్కని పొదలోంచి బయటికి తోలి తుపాకీతో కాల్చాలనుకుంటే రెండు కుక్కల దాకా వాడుకోవచ్చు. డేగలాంటి వేటపక్షి చేత పట్టించడానికైతే కుక్కల సంఖ్యకి పరిమితే లేదు.

ఈ చివరి మినహాయింపు చూడగానే కొన్ని వేట సంఘాలకి తళుక్కున వెలిగింది. పెద్ద గద్దనో గుడ్లగూబనో కొనుక్కుని జాగిలాల వెంట బండి మీద తిప్పడం మొదలెట్టాయి. ‘మేం నక్కని జాగిలాల చేత చంపించడంలేదు, గద్ద కోసం లేపుతున్నాం’ అన్నమాట. ఆ గద్ద ఎప్పుడైనా ఎగిరిందా అంటే అది వేరే విషయం. 2018లో పీటర్‌బరో కోర్టుకి అలాంటి కేసొకటి వచ్చింది. ఆ సంఘం దగ్గరున్నది బంగారు గద్ద. న్యాయస్థానం ఆ వాదనని నమ్మలేదు, శిక్ష వేసింది.

ఇంతకంటే తెలివైన దారి ఇంకొకటుంది. దాని పేరు ‘ట్రెయిల్ హంటింగ్’. గుర్రం మీదో మోటారు బండి మీదో ఓ మనిషి ముందుగా వెళ్తాడు. వాసన పూసిన గుడ్డని నేల మీద ఈడ్చుకుంటూ పొలాలూ పొదలూ చుట్టబెట్టి వస్తాడు. కాసేపయ్యాక జాగిలాలను వదులుతారు. అవి ఆ వాసన పట్టుకుని పరిగెడతాయి. వెనక గుర్రాలు. నక్క ఎక్కడా లేదు కాబట్టి నేరం లేదు. ఇంకేం!

ఇలాంటి ఆట కొత్తదేం కాదు. ‘డ్రాగ్ హంటింగ్’ అని పాతకాలం నుంచీ ఒకటుంది. అందులో సోంపులాంటి వాసన వాడతారు. జాగిలాలకి నక్క వాసన అలవాటే ఉండదు. నక్క ఎదురైనా పట్టించుకోవు. వాసన ఎక్కడ వెయ్యాలో కూడా ముందే గీసుకుంటారు, నక్కలుండే తోపుల జోలికి పోరు. మరి ట్రెయిల్ హంటింగ్‌లో సీసాలో ఏముంటుంది? నక్క మూత్రం. వాసన వేసేది ఎక్కడ? నక్కలు తిరిగే చోట. అచ్చం ఒకప్పటి వేటలాగే ఉండాలని. ఈ చట్టం ఏదో ఒకరోజు రద్దవుతుంది, అప్పటిదాకా జాగిలాల ముక్కు నక్కని మరిచిపోకూడదన్నది వేటగాళ్ల ఆశ. ఆ ఆశ ఉత్తదేమీ కాదు. 2015లో కన్సర్వేటివ్ ప్రభుత్వం చట్టాన్ని సడలించబోయి, ఓట్లు చాలవని వెనక్కి తగ్గింది. 2017లో థెరెసా మే మళ్లీ ఆ మాటెత్తారు. అదీ ముందుకు కదల్లేదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. జాగిలం నక్క వాసన మీద పెరిగింది. పొలంలో మనిషి వేసిన నక్క వాసన ఉంది, నిజం నక్క వేసిన నక్క వాసనా ఉంది. ఏది చట్టబద్ధమో జాగిలానికెలా తెలుస్తుంది? దారి తప్పి నిజం నక్క వెంటపడి, దాన్ని పట్టి చీల్చేసిందనుకోండి. ‘అయ్యో, పొరపాటు జరిగిపోయింది’ అంటాడు హంట్స్‌మన్. ఆ చట్టం ప్రకారం వేట అంటే బుద్ధిపూర్వకంగా చేసిందే. పొరపాటు నేరం కాదు. ఆ మనిషి మనసులో ఏముందో పోలీసులు రుజువు చెయ్యాలి. పొదల చాటున కెమెరాలు పట్టుకుని కాపుకాసే వేట వ్యతిరేకులు తీసే వీడియోలే చాలా కేసులకి ఆధారం. అందులో జాగిలాలు కనిపిస్తాయి, నక్క కనిపిస్తుంది, బూర వినిపిస్తుంది. ఉద్దేశం మాత్రం ఏ కెమెరాకీ దొరకదు.

దీనికితోడు 2009లో హైకోర్టు ఇంకో సంగతి తేల్చింది. నక్క ఎక్కడుందా అని వెతకడం వేట కిందికి రాదంది. దొరికిన నక్కని తరమడమే వేట. మినహాయింపు తమకి వర్తిస్తుందని నిందితుడు రుజువు చెయ్యనక్కర్లేదు, వర్తించదని ప్రాసిక్యూషనే నిరూపించాలి. పైగా పడే శిక్ష జరిమానాయే. జైలు లేదు. ఈ చట్టం కింద శిక్ష పడ్డవాళ్లలోనూ ఎక్కువమంది ఎర్రకోట్ల వాళ్లు కారు, దొంగచాటుగా కుక్కల్ని పట్టుకుని కుందేళ్ల మీద పడ్డ మామూలు మనుషులు.

ఇదే విషయంలో మన చట్టం ఎలా ఉందో ఓసారి చూడాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అన్న మాటకి నిర్వచనం రాసినప్పుడు చంపడంతో ఆగలేదు. పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, కుక్కలతో తరమడం, తోలడం, ఎర వెయ్యడం... వీటన్నిటినీ కలిపింది. వాటిలో దేనికి ప్రయత్నించినా వేటేనంది. మొదట్లో కొన్ని జంతువులకి లైసెన్సులుండేవి. 1991 సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. కాబట్టి పండగ మర్నాడు కుక్కల్ని వెంటేసుకుని కుందేళ్ల కోసం చేలగట్లు తొక్కే మన పల్లెటూరి కుర్రాడు, కుందేలు దొరక్క వట్టి చేతులతో ఇంటికొచ్చినా నేరస్థుడే. జైలుకి పంపే అధికారమూ చట్టానికుంది. అదే పని చేసిన ఇంగ్లండ్ పెద్దమనిషి, నక్క కోసం రోజంతా వెతికినా ఏమీ కాడు. మన చట్టం కాగితం మీద గట్టిది, చేలగట్టు మీద ఎంత గట్టిదో వేరే చెప్పాలా? వాళ్లది కాగితం మీదే బోలుది.

ఇలా పదిహేనేళ్లు గడిచాయి. 2020లో కరోనా వచ్చింది. సమావేశాలు పెట్టుకోలేక వేట సంఘాల పెద్దలు ఆన్‌లైన్‌లో శిక్షణ తరగతులు పెట్టుకున్నారు. ఆ వీడియోలు ఎలాగో బయటికొచ్చాయి. వాసన వెయ్యడమన్నది అసలు వేటకి కప్పే పొగతెర అన్న అర్థం ధ్వనించే మాటలు అందులో వినిపించాయి. ఓ పెద్దమనిషికి 2021లో శిక్ష పడింది. ఆ మాటలకి వేరే అర్థం కూడా ఉండొచ్చు, నేరం సందేహాతీతంగా రుజువు కాలేదని 2022లో అప్పీలు కోర్టు ఆయన్ని వదిలేసింది. చట్టం వదిలేసినా భూమి వదల్లేదు. దేశంలో లక్షలాది ఎకరాలకి యజమాని అయిన నేషనల్ ట్రస్ట్ తన నేల మీద ట్రెయిల్ హంటింగ్‌కి అనుమతులు ఆపేసింది. 2021లో ఆ సంస్థ సభ్యులు దాన్ని నిషేధించాలని ఓటేశారు. అటవీ సంస్థా అనుమతులు ఆపింది. పార్లమెంటు చెయ్యలేని పని భూమి యజమానులు ఓ ఉత్తరం ముక్కతో చేశారు.

స్కాట్లండ్‌ది మరో కథ. ఇంగ్లండ్ కంటే ముందే, 2002లోనే అక్కడ చట్టం వచ్చింది. కానీ నక్కని తుపాకుల ముందుకి తోలడానికి ఎన్ని జాగిలాలైనా వాడుకోవచ్చంది. ఇరవై ఏళ్లు ఆ సందులోంచే వేట సాగింది. చివరికి 2023లో కొత్త చట్టం చేసి, రెండు కుక్కలకు మించకూడదని, మించాలంటే లైసెన్సు కావాలని తేల్చారు. ట్రెయిల్ హంటింగ్‌నీ మూసేశారు. ఇప్పుడు ఇంగ్లండ్ వంతు. 2024 ఎన్నికల ప్రణాళికలో లేబర్ పార్టీ ట్రెయిల్ హంటింగ్‌ని నిషేధిస్తామని రాసి గెలిచింది. 2025 డిసెంబరులో జంతు సంక్షేమ విధానం ప్రకటిస్తూ ఆ మాటే మళ్లీ చెప్పింది.

ఎర్రకోటు వాడికి ఏమీ కాదు. వాడికి వేరే ఆటలున్నాయి. దెబ్బతగిలేది వాడి వెనకున్నవాళ్లకి. కెన్నెల్స్‌లో తెల్లవారకముందే లేచి జాగిలాల పెంట ఎత్తేవాళ్లు, గుర్రాలకి మాలిష్ చేసేవాళ్లు, నాడాలు కొట్టేవాళ్లు, జీన్లు కుట్టేవాళ్లు. హంట్స్‌మన్ కూడా జీతగాడే. సంఘం ఇచ్చిన ఇంట్లో ఉంటాడు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. చుట్టుపక్కల రైతులకి ఇంకో సాయం కూడా పోతుంది. గొడ్డు చచ్చిపోతే వేట సంఘం బండి వచ్చి కళేబరాన్ని తీసుకుపోతుంది, ఆ మాంసం జాగిలాలకి మేత. అది లేకపోతే రైతు వేరేవాళ్లకి ఎక్కువ డబ్బిచ్చి తీయించుకోవాలి. 2005లో నిషేధం వస్తే ఇవన్నీ కూలిపోతాయనీ, వేలాది జాగిలాలను కాల్చి చంపాల్సి వస్తుందనీ భయపెట్టారు. ఆ పని జరగలేదు, ఎందుకంటే వేట ఆగలేదు. అయితే అదే కెన్నెల్స్‌లో ఆరేడేళ్లు పరిగెత్తి అలసిపోయిన జాగిలాన్ని సాధారణంగా కాల్చేస్తారన్నది ఆ భయపెట్టినవాళ్లు గట్టిగా చెప్పని సంగతి. బర్న్స్ నివేదికలో అదీ ఉంది.

సీసా మార్చుకుంటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. నక్క మూత్రం పారబోసి సోంపు వాసన పోసుకుంటే గుర్రాలుంటాయి, బూర ఉంటుంది, కోటుంటుంది, హంట్స్‌మన్ ఇల్లూ ఉంటుంది. డ్రాగ్ హంటింగ్ చేసేవాళ్లు ఏళ్ల తరబడి అలాగే నడుపుకుంటున్నారు. నక్క తన తోవన తాను పోతుంది. వేటగాళ్లు మాత్రం తల అడ్డంగా ఊపుతారు. గీసిన గీత మీద పరిగెత్తడం గుర్రప్పందెమే తప్ప వేట కాదంటారు. జాగిలం తన ముక్కుతో తాను వెతుక్కుని, తప్పిపోయి, మళ్లీ పట్టుకోవడంలో ఉన్న మజా వేరంటారు. ఆ మజాని ఇరవై ఏళ్లుగా ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నారని అడిగితే జవాబుండదు.

జాగిలాలు వసంతంలో ఈనుతాయి. ఒక కాన్పులో పుట్టిన కూనలన్నిటికీ ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పెడతారు. రెండు మూడు నెలలు రాగానే వాటిని చుట్టుపక్కల రైతుల ఇళ్లకి పంపేస్తారు. అక్కడవి పిల్లలతో ఆడుకుంటూ, కోళ్ల జోలికి పోతే దెబ్బలు తింటూ, చెప్పులు కొరుకుతూ పెరుగుతాయి. మర్నాటి వసంతానికి కెన్నెల్స్‌కి తిరిగొస్తాయి. ఆకురాలు కాలంలో వాటిని మొదటిసారి పెద్ద జాగిలాలతో కలిపి పొలంలోకి వదులుతారు. ఏ వాసన వెంట పరిగెత్తాలో నేర్పేది అప్పుడే. ఒకప్పుడు ఆ పాఠం నక్క కూనల మీద చెప్పేవారు. 2005 తర్వాత సీసాలోంచి చెబుతున్నామన్నారు. కొత్త చట్టం వచ్చాక ఏ సీసా మూత తీస్తారో హంట్స్‌మన్‌కే ఇంకా తెలియదు. రైతుల ఇళ్లలో కూనలు మాత్రం చెప్పులు కొరుకుతూనే ఉన్నాయి.